టిక్కెట్టు మీది ఒక్క అక్షరం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'పెన్షనర్లు – విదేశీ ప్రయాణాలు' అనే విషయం మీద పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. వీసాల సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఈ హాల్లోనే ఉన్నారు. నేను ఒక్క చిన్న ముక్క చెప్పి కూర్చుంటాను. ఏజెంటు దగ్గర కొన్న విమాన టిక్కెట్టును, మన ఖాతాలో పోగుపడిన మైళ్ళతో పై తరగతికి మార్చుకోవచ్చా, లేదా అన్నది. ఈ జ్ఞానం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఆవిడ మోకాళ్ళ మీదుగా వచ్చింది.

మనలో చాలామందికి ఒక కొడుకో కూతురో డల్లాస్‌లోనో, సింగపూర్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్నారు. రెండేళ్ళకోసారి వెళ్తాం, నాలుగు నెలలు ఉంటాం, మనవల స్కూలు బస్సు ఎక్కించి వస్తాం. మొదటిసారి వెళ్ళినప్పుడు అల్లుడుగారో అబ్బాయో మన పేరున విమాన కంపెనీలో ఒక సభ్యత్వం తీసి ఒక నంబరు ఇస్తారు. ఆ కాగితం బీరువాలో పి.పి.ఓ. పక్కన, ఎల్.ఐ.సి. బాండ్ల కింద భద్రంగా ఉంటుంది. అంత భద్రంగా ఉంటుంది గనుకే ఎవరికీ పనికిరాదు.

ఈ మైళ్ళంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. మీరు ఎక్కువగా ఎక్కే కంపెనీ, మీరు ఇంకో కంపెనీకి పోకుండా కట్టే తాయిలం అది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న 'అడ్వాంటేజ్' పేరుతో మొదలుపెట్టింది. ఆ తర్వాత అందరూ అదే బాట పట్టారు. ఎమిరేట్స్ వారిది స్కైవార్డ్స్, సింగపూర్ వారిది క్రిస్‌ఫ్లయర్. మన ఎయిరిండియా వారి 'ఫ్లయింగ్ రిటర్న్స్' 2025లో 'మహారాజా క్లబ్' అయింది. 2006లో ఎగరడం మొదలెట్టిన ఇండిగో వారు ఇన్నేళ్ళు ఆగి, 2024లో 'బ్లూచిప్' అని ప్రకటించారు. ప్రయాణించిన కొద్దీ ఖాతాలో మైళ్ళో పాయింట్లో జమ అవుతాయి. వాటితో ఉచిత టిక్కెట్టు తీసుకోవచ్చు. లేదా ఉన్న టిక్కెట్టును పై తరగతికి మార్చుకోవచ్చు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను. మనం లెక్కల మనుషులం, ఏది జమ అయినా దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుంటాం. మైలు డిపాజిట్ కాదు. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయాయి, వాటితోపాటే ఆ కంపెనీ మైళ్ళూ పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. వారి మైళ్ళ పథకం వేరే కంపెనీగా ఉండటంతో 'ఇంటర్‌మైల్స్' అనే కొత్త పేరుతో బతికి బయటపడింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసింది. ఇవేవీ జరగకపోయినా చాలా కంపెనీల్లో మైళ్ళకు గడువు ఉంటుంది. సభ్యుడు కాలం చేస్తే వారసులకు చెందవని నిబంధనల్లో రాసుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి. ఫ్యామిలీ పెన్షన్ లాంటిది కాదన్నమాట. కాబట్టి దాచి పెట్టవద్దు. ఒంట్లో ఓపిక ఉండగానే వాడుకోండి.

ఇక నా కథ.

మా ఆవిడకు రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ అయింది. ఆ తర్వాతి సంవత్సరం న్యూజెర్సీలో మా మనవరాలి పట్టభద్రోత్సవం. వెళ్ళి తీరాలి. విశాఖ నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి గల్ఫ్, అక్కడ విమానం మారి న్యూయార్క్. ఆ చివరి అంచె ఒక్కటే పద్నాలుగు గంటల కూర్చోవడం. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని, అటూ ఇటూ తిరుగుతూ ఉండాలని, వీలుంటే కాళ్ళు చాపుకునే సీటు తీసుకోమని డాక్టరుగారు చెప్పారు. బిజినెస్ క్లాసు ఖరీదు చూస్తే నా గ్రాట్యుటీ గుర్తొచ్చింది. అప్పుడు బీరువాలోని కాగితం కూడా గుర్తొచ్చింది. నాలుగు ప్రయాణాల మైళ్ళు ఉన్నాయి కదా! అమ్మాయికి ఫోన్ చేస్తే, "మీ ఇద్దరివీ కుటుంబ ఖాతాలో కలిపితే ఒకరికి, ఒక వైపు, ఆ పెద్ద అంచె వరకు సరిపోతాయి నాన్నగారూ" అంది. చాలు. వెళ్ళేటప్పుడు మా ఆవిడ పడుకుని వెళ్తుంది. నేను వెనక కూర్చుంటాను.

అంతవరకూ బుద్ధి సరిగానే పనిచేసింది. టిక్కెట్టు కొనే దగ్గర పోర్టు బుద్ధి అడ్డొచ్చింది. మూడు కొటేషన్లు తీసుకుని తక్కువ దానికి ఆర్డరిచ్చే అలవాటు కదా. కంపెనీ ధర కంటే టిక్కెట్టుకు ఏడున్నర వేలు తక్కువకు ఇస్తానన్నాడు తెలిసిన ఏజెంటు. రెండు టిక్కెట్లకు పదిహేను వేలు మిగిలాయని ఇంటికొచ్చి ఘనంగా చెప్పాను. మర్నాడు మైళ్ళ సంగతి చూద్దామని విమాన కంపెనీకి ఫోన్ చేశాను.

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "సార్, మీ టిక్కెట్టు ఛార్జీ తరగతికి అప్‌గ్రేడ్ వర్తించదు. టిక్కెట్టు ఏజెంటు ఇచ్చింది గనుక మార్పులన్నీ ఆయన ద్వారానే చేయించుకోవాలి." ఏజెంటుకు చేశాను. "మైళ్ళు మీకూ కంపెనీకీ మధ్య వ్యవహారం మాస్టారూ, నాకేం సంబంధం?" అన్నాడు. మళ్ళీ కంపెనీ. మళ్ళీ ఏజెంటు. రెండు వారాలు ఇదే పని.

మూడో వారంలో ఒక రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే నాకు నేనే కనబడ్డాను. ట్రాఫిక్ డిపార్ట్‌మెంటులో ఎన్నేళ్ళు నేను ఇదే మాట అన్నాను! సరుకు షెడ్డులో ఉంటుంది, కన్సైనీ కౌంటరు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడతాడు, రోజురోజుకూ డెమరేజి పెరుగుతూ ఉంటుంది. "మీ స్టీమర్ ఏజెంటు దగ్గర డెలివరీ ఆర్డరు పట్టుకు రండి" అనేవాణ్ణి. స్టీమర్ ఏజెంటు క్లియరింగ్ ఏజెంటును అడగమనేవాడు. 2003లో కంటైనర్ టెర్మినల్ మొదలయ్యాక ఈ గొడవ ఇంకా పెరిగింది. పది మంది సరుకును ఒకే కంటైనర్లో వేసి తెచ్చే దళారీ, ఒక్కొక్కరికీ తన సొంత బిల్లు రాసి ఇచ్చేవాడు. దాన్ని హౌస్ బిల్ అనేవాళ్ళం. ఓడ కంపెనీ ఇచ్చిన మాస్టర్ బిల్ దళారీ దగ్గర ఉండేది. హౌస్ బిల్ పట్టుకుని ఓడ కంపెనీ దగ్గరికి వెళ్తే మొహం కూడా చూడరు. ఆ మనిషి చేతిలో కాగితం అబద్ధం కాదు. కానీ ఆ కాగితానికి అక్కడ విలువ లేదు.

మన విమాన టిక్కెట్టు కథ కూడా సరిగ్గా ఇదేనని ఆ రాత్రి తట్టింది. ఏజెంటు ఇచ్చిన కాగితం మీద ఉన్న ఆరక్షరాల నంబరు చాలాసార్లు ఆయన బుకింగ్ యంత్రంలోని నంబరు. విమాన కంపెనీ దగ్గర అదే ప్రయాణానికి ఇంకో ఆరక్షరాల నంబరు ఉంటుంది. మొదటిది హౌస్ బిల్, రెండోది మాస్టర్ బిల్ అనుకోండి. ఆ రెండో నంబరు అడిగి తీసుకుంటే తప్ప కంపెనీ వెబ్‌సైటులో మన బుకింగ్ తెరుచుకోదు, మన మైళ్ళ నంబరు దానికి తగిలించడం కుదరదు.

మర్నాడు పొద్దున్నే ఏజెంటు ఆఫీసుకు స్వయంగా వెళ్ళి కూర్చున్నాను. ఆయన చెడ్డవాడేం కాదు. కంప్యూటర్ తిప్పి చూపించాడు. అప్పుడు మొదటిసారి చూశాను ఆ అక్షరాన్ని.

ఎకానమీ అంటే ఒకే తరగతి అనుకుంటాం. సీట్లు ఒకటే, భోజనం ఒకటే. కానీ కంపెనీ లెక్కల్లో ఎకానమీలోనే పది పన్నెండు మెట్లుంటాయి, ఒక్కో మెట్టుకు ఒక్కో ఇంగ్లీషు అక్షరం. పూర్తి ధర పెట్టి కొన్నవారికి సాధారణంగా వై అనే అక్షరం. కింది మెట్ల అక్షరాలు కంపెనీకో రకంగా ఉంటాయి. ఏ అక్షరం దాకా మైళ్ళతో పై తరగతికి మార్చనిస్తారో కంపెనీ ముందే రాసి పెట్టుకుంటుంది. గ్రూపు టిక్కెట్లకూ, ఏజెంట్లకు గుత్తగా ఇచ్చే టిక్కెట్లకూ చాలావరకు మార్చనివ్వరు. అలాంటి టిక్కెట్టును గుర్తుపట్టడానికి ఒక ఆనవాలుంది. ఛార్జీ ఉండాల్సిన గడిలో అంకె బదులు ఐ.టి. అనో, బి.టి. అనో ఉంటే అది గుత్త బాపతు.

రైల్వేలో మనకు ఇది కొత్త కాదు. 2006 నుంచి రైళ్ళలో ఆటో అప్‌గ్రేడేషన్ ఉంది. ఫారంలో టిక్కు పెడితే, పైన బెర్తులు ఖాళీగా ఉంటే స్లీపరు వాణ్ణి త్రీ టైర్ ఏసీలోకి పంపుతారు. కానీ అది పూర్తి ఛార్జీ కట్టినవారికే. మన సీనియర్ సిటిజన్ రాయితీ ఉన్న రోజుల్లో, అదే, 2020 మార్చిలో ఎత్తేశారే అది, రాయితీ టిక్కెట్టు మీద వెళ్తూ పై తరగతి ఎందుకు రాలేదని టీటీఈతో వాదించినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. పేర్లు చెప్పను.

కాబట్టి జనంలో ఉన్న ఒక అపోహ పోవాలి. ఏజెంటు దగ్గర కొన్నంత మాత్రాన మైళ్ళు పనికిరాకుండా పోవు. ఏజెంటు ఇచ్చిన టిక్కెట్టయినా అక్షరం సరైనదైతే, సీటు ఖాళీ ఉంటే, చాలా కంపెనీలు నేరుగా మార్చి ఇస్తాయి. అక్షరం తప్పయితే, కంపెనీ కౌంటర్లోనే కొన్నా మార్చరు. చిక్కు ఎక్కడంటే, ఏజెంట్లూ వెబ్‌సైట్లూ చూపించే అతి చౌక టిక్కెట్లు తరచుగా ఆ తప్పు అక్షరాలవే. మనం ధర చూస్తాం, అక్షరం చూడం.

నా విషయంలో ఏం చేశారంటే, ముందు మా ఇద్దరి బుకింగును రెండుగా విడదీశారు. మా ఆవిడ టిక్కెట్టు ఒక్కటే పై అక్షరంలోకి తిరిగి రాశారు. ఛార్జీ తేడా, జరిమానా కలిపి ముప్పై ఎనిమిది వేలు. పదిహేను వేలు మిగిల్చిన ఘనుడికి ఇది శిక్ష. మా ఆవిడ ససేమిరా అంది. "అంత డబ్బు పోసి నన్నొక్కదాన్నీ ముందర కూర్చోబెట్టి, మీరు వెనక కూర్చుంటారా? ఇదేం ప్రయాణమండీ?" అంది. డాక్టరుగారి చేత చెప్పించాను. ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు.

గల్ఫ్‌లో ఇంకో దెబ్బ తగిలింది. మొదట్లో ఏజెంటు చేత ఇద్దరి బుకింగులో ఆవిడకు చక్రాల కుర్చీ రాయించాను. బుకింగ్ విడదీసినప్పుడు ఆ కోరిక ఆవిడ కొత్త బుకింగులోకి వెళ్ళలేదు. విమానం దిగేసరికి అందరి పేర్లూ పిలుస్తున్నారు, ఆవిడ పేరు లేదు. అడిగి, బతిమాలి, చివరకు ఆ పొడుగాటి టెర్మినల్లో నా భుజం పట్టుకుని నడిచింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అందుకే చెబుతున్నాను, బుకింగులో ఏ చిన్న మార్పు జరిగినా చక్రాల కుర్చీ, భోజనం, సీటు నంబరు మూడూ మళ్ళీ మొదటినుంచి సరిచూసుకోండి. కంపెనీకే ఫోన్ చేసి నోటితో చెప్పించుకోండి.

న్యూయార్క్ విమానం తలుపు దగ్గర ఆవిణ్ణి ఎడమకు పంపారు, నన్ను కుడికి. నలభై ఏడేళ్ళ సంసారంలో రైలైనా బస్సయినా విడిగా కూర్చున్నది అదే మొదలు. నాలుగైదు గంటలయ్యాక, దీపాలన్నీ ఆర్పిన తర్వాత, ఎవరో భుజం తట్టారు. చూస్తే మా ఆవిడ. చేతిలో రుమాల్లో చుట్టిన రెండు చాక్లెట్లు. "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది. వేసుకోలేదు. నా పక్క సీటు కుర్రవాడు, ఎవరి బిడ్డో గానీ, లేచి ఆవిడకు చోటిచ్చి అలా తిరగడానికి వెళ్ళాడు. అరగంట అక్కడే కూర్చుంది. "అక్కడ మెత్తగానే ఉందండీ, మాట్లాడే మనిషే లేరు" అంది. ముప్పై ఎనిమిది వేలు!

అయినా పెట్టిన డబ్బు దండగ కాలేదు. న్యూయార్క్‌లో వాపు లేకుండా దిగింది. మూడో రోజున మనవరాలి పట్టభద్రోత్సవానికి మెట్లెక్కి వెళ్ళి కూర్చుంది. తిరుగు ప్రయాణం చౌక అక్షరం మీదే వచ్చాం. విశాఖలో దిగేసరికి రెండు పాదాలూ చెప్పుల్లో పట్టలేదు. వారం రోజులు మంచం దిగలేదు.

సరే, మీరు ఏం చేయాలి? విశాఖ నుంచి హైదరాబాదుకో, చెన్నైకో గంటన్నర ప్రయాణానికి ఈ తలనొప్పి అక్కర్లేదు. ఎక్కడ చౌకైతే అక్కడ కొనండి. పెద్ద ప్రయాణానికైతే, డబ్బు కట్టకముందే ఏజెంటును అడగండి: "ఈ టిక్కెట్టు అక్షరం ఏది? ఈ అక్షరానికి మైళ్ళతో అప్‌గ్రేడ్ ఇస్తారా?" తెలియదంటే విమాన కంపెనీకి ఫోన్ చేసి అదే అడగండి. ఆ పై తరగతి సీటు మైళ్ళకు ఆ రోజున ఖాళీ ఉందా అని కూడా అడగండి. డబ్బు పెట్టి కొనేవారికి సీట్లున్నంత మాత్రాన మైళ్ళవారికి ఇస్తారని లేదు. ఆ వాటా వేరు. అవసరమైతే మూడు నాలుగు వేలు ఎక్కువ పెట్టి పై అక్షరమే కొనండి. కొన్నాక మార్చడం నాలా ముప్పై ఎనిమిది వేలు.

రెండో సంగతి, విమానం నిజంగా నడిపేది ఎవరో చూడండి. ఒక కంపెనీ నంబరు మీద టిక్కెట్టు ఇచ్చి, ఇంకో కంపెనీ విమానం ఎక్కిస్తారు. ఈ కంపెనీ మైళ్ళతో ఆ కంపెనీ విమానంలో పై తరగతి సాధారణంగా దొరకదు. ఎయిరిండియా 2014 జూలైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. అలాంటి కూటములలో ఒకరి మైళ్ళు ఇంకొకరి దగ్గర వాడే వీలున్నా, అప్‌గ్రేడ్‌కు అడిగే అక్షరాలు ఖరీదైనవి. టిక్కెట్టు ఎవరి పేరున జారీ అయిందో పదమూడంకెల టిక్కెట్టు నంబరులో మొదటి మూడంకెలు చెబుతాయి. ఎయిరిండియాకు 098, ఎమిరేట్స్‌కు 176, సింగపూర్ వారికి 618. పాతకాలపు ఎర్ర కార్బను టిక్కెట్ల మీద కూడా ఆ అంకెలే ఉండేవి. ఆ కాగితం టిక్కెట్లు 2008 జూన్ నుంచి పోయాయి గానీ అంకెలు పోలేదు.

మూడోది ఫోన్ నంబరు. చాలామంది ఏజెంట్లు బుకింగులో తమ నంబరూ, తమ ఈమెయిలే వేస్తారు. అప్‌గ్రేడ్ ఖాయమైనా, విమానం వేళ మారినా కబురు వారికే వెళ్తుంది. ఆదివారం వారి ఆఫీసు మూత. మీ నంబరు గానీ పిల్లల నంబరు గానీ చేర్పించండి.

పేర్ల గొడవ మన తెలుగువారి సొత్తు. సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, మైళ్ళ ఖాతాలో ముందుది వెనకా వెనకది ముందూ. ఖాతాలో పేరూ టిక్కెట్టులో పేరూ కలవకపోతే మైళ్ళు జమ కావు. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఖాతాలోనూ మార్పించండి. జమ కాని మైళ్ళను తర్వాత అడిగి వేయించుకోవచ్చు గానీ దానికీ గడువుంది. బోర్డింగ్ పాసులు చెత్తబుట్టలో వేయకండి.

ఇంకొక్కటి. ఏజెంటు చేతులెత్తేసి డబ్బు వాపసు రాకపోతే భయపడకండి. ఏజెంటు విమాన కంపెనీ నియమించిన ప్రతినిధే గనుక, వాపసు బాధ్యత కంపెనీదేనని మన డి.జి.సి.ఎ. నిబంధన. పౌర విమానయాన శాఖవారు 2016లో పెట్టిన 'ఎయిర్‌సేవ'లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ దరఖాస్తు రాయడం మనకు చెప్పాలా? డి.ఎ. బకాయిల కోసం ఎన్ని రాయలేదు!

నేను సోమవారం, గురువారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా సంఘం ఆఫీసులో ఉంటాను. ప్రయాణం పెట్టుకున్నవారు డబ్బు కట్టకముందే కొటేషను కాగితం పట్టుకు రండి, అక్షరం చూసి పెడతాను. నవంబరులో మాత్రం రాకండి, లైఫ్ సర్టిఫికెట్ల రద్దీ. మా ఆవిడ వెనక వరసలోంచి గడియారం చూపిస్తోంది. సెలవు తీసుకుంటాను.